ఇరవై ఆరు కిలోలు

ఏడో తారీఖు జీతం పడింది.
ఆదివారం పొద్దున్నే ముగ్గురం
యశ్వంతపురం యార్డులో నిలబడినాం,
నేను, నాగవేణి, మెహరున్నీసా,
చేతుల్లో సంచులు, సంచుల్లో మడిచిన సంచులు.
లారీల మధ్య ఉల్లిపొట్టు ఎగురుతా ఉంది.
అంగడాయన మమ్మల్ని చూసి
కన్నడంలో నవ్వినాడు.

మూటగా కొంటే కిలోకు పదకొండు రూపాయలు తగ్గుతాది.
పదకొండు రూపాయలంటే
పీణ్యాలో నా మిషన్ మీద ఎన్ని కాలర్లో
సూపర్వైజరుకు తెలుసు, నా మెడకు తెలుసు.

అట్లని అన్నీ మూటకు లొంగవు.
పోయినేడు పదిహేను కిలోల నూనె డబ్బా తెచ్చినాను.
డబ్బా నిండుగా ఉన్నన్నాళ్లూ
నా చెయ్యి నాది కాదు.
వారానికి రెండు మార్లు బజ్జీలు,
వాన పడితే మూడోసారి.
మిగిలిందనుకున్న దుడ్డంతా
మూకుట్లో బుడగలై పోయింది.
చెనిక్కాయ విత్తనాలు మరీ అన్యాయం,
వచ్చేవాడొక గుప్పెడు, పొయ్యేవాడొక గుప్పెడు.
కండ్లకు కనపడితే చాలు,
లేని ఆకలి లేచి కూచుంటాది.

రాగులు పెట్టుకో, ఏడాదైనా ఉలకవు పలకవు.
పిండి ఆడిస్తివా, మూడో వారానికి చేదు.
"మరలో పడినాక ఏదైనా
ఎన్నాళ్లుంటాదక్కా" అంది నాగవేణి
నడుము పట్టుకొని.

కందిబేళ్లంటే నాకు భయం.
పురుగు పడితే ఎండెయ్యాల,
ఎండకు మిద్దె కావాల,
మిద్దె తాళంచెవి ఓనరమ్మ కొంగున.

చింతపండు ఏడాదికి కొంటాం.
ఇంటి అగ్రిమెంటు పదకొండు నెలలు.
ఆ ఒక్క నెల సంగతేందని
ఏటా తక్కెడ ముందరే గుర్తొస్తాది.
రెండేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు
జాడీ ఒళ్లో పెట్టుకొని ఆటోలో కూచుంటే
లోపల ఏముందని అడిగినాడు డ్రైవరు.
పులుపన్నాను.

ఉప్పుకు గడువు లేదు, తడికి తప్ప.
మిరపకాయలు రంగుకు బ్యాడిగి, మంటకు గుంటూరు,
సగం సగం తీసుకుంటే బేరమూ సగమే.
ఇంగువను మూటగా కొనేవాణ్ణి
నేనింకా చూడలేదు.

ఎక్కడెక్కడ తిరిగినా చివరికి బియ్యం దగ్గరికే.
సోనామసూరి, పాతవి.
నాగవేణి గుప్పెట్లోకి తీసుకొని ఊదింది,
రెండు గింజలు కొరికింది, తల ఊపింది.
మూట ఇరవై ఐదు కాదు, ఇరవై ఆరు.
ఇరవై ఐదు దాటితే పన్ను లేదంట.
ఎవరి తెలివో గానీ
ఆ ఎక్కువ కిలో మోసింది మేమే.

ఆటోకు నూట ఎనభై.
తగ్గిన పదకొండ్లలో దాన్నీ తీసెయ్యాల.
దారంతా మెహరున్నీసా
వేళ్ల మీద తీసేస్తానే ఉంది.

వరండాలో చాప పరిచి
కిటికీ ఊచకు స్ప్రింగు కాటా తగిలించి పంచుకున్నాం.
ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది.
రెండు మిగిలినాయి.
తలా ఆరొందల అరవై ఆరు గ్రాములు,
ముగ్గురికీ వచ్చిన లెక్కే.
అంత కిందికి దిగడానికి
ఎవరికీ నోరు రాలేదు.

నీళ్ల మోటారు పైన గూట్లో
రేకు డబ్బాలో ఆ రెండు కిలోలూ పోసి
రెండు ఎండుమిరపకాయలు పడేసినాం పురుక్కని.
నెలాఖరుకు ఎవరికి తగ్గితే వాళ్లవి.
అడగబల్లేదు, చెప్పబల్లేదు.

ఇరవై ఏడో తారీఖు రాత్రి
అందరూ పండుకున్నాక
గ్లాసు పట్టుకొని పోయినాను.
డబ్బా ముక్కాలు ఖాళీ.
మిరపకాయలు రెండూ అట్లే ఉన్నాయి.
ఒక గ్లాసు ముంచుకొని
చప్పుడు కాకుండా మూత పెట్టినాను.

నాకంటే ముందు వచ్చినామె కూడా
ఇట్లే పెట్టి ఉంటాది.
గోడ అవతలే పండుకొనుంటాను,
నాకేమీ వినపడలేదు మరి.